ఇంటి చిత్రశాలకు ధ్వనియంత్రముల నెన్నుకొను విధము

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి కాలువల సంగతి వేఱుగ జెప్పనక్కఱలేదు. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1852 వ సంవత్సరమున పూర్తియైన నాటినుండి నదిలోని నీరు పెద్ద కాలువలకును, వానినుండి పిల్లకాలువలకును, అందుండి బోదెలకును, బోదెలనుండి మడులకును పాఱుచున్నది. నది నిండుగ నున్నను నడుమ నొక్క తూము ఇరుకైనచో చివర మడికి నీరందదు. అపుడు తెలివిగల రైతు నదిని నిందింపడు. ఆ తూము ఎక్కడ నున్నదో వెదకును.

ధ్వని సంగతియు నిట్టిదే. గాయకుని కంఠమునుండి మన చెవివఱకు ధ్వని యనేక మార్గములగుండ వచ్చును. వానిలో నేదియొకటి ఇరుకైనను తక్కినవాని పెంపు వ్యర్థమగును. ఈ యొక్క సత్యము నెఱిగినవాడు ధ్వనియంత్రములు కొనుటలో మోసపోడు.

ఇటీవల మన పట్టణములందును పల్లెలందును గోడ నిండు టెలివిజను తెఱలు వెలసినవి. వానికి తోడుగ లోకులు హోమ్ థియేటరని పిలుచు ధ్వనిసామగ్రిని పంట చేతికి వచ్చిన యేట పలువురు కొనుచున్నారు. కొన్న కొలదిదినములకే “శబ్దము పెద్దదిగనే యున్నది గాని మాట తెలియుట లేదు” అను మొఱ వినవచ్చును. కష్టార్జితమైన సొమ్ము పోయి గోల మిగిలినందున గలిగిన మొఱ యది. దాని కారణములను, నివారణోపాయములను ఈ వ్యాసమున వివరింతుము.

ఒక మార్గమునుండి పెక్కు మార్గములకు

తెలుగు మాటలాడు చిత్రములలో మొదటిదగు ‘భక్త ప్రహ్లాద’ 1932 లో వెలువడినది. పిదప 1936 నాటికి మన రాజమహేంద్రవరముననే నిడమర్తి సూరయ్యగారు దుర్గా సినీటోను అను స్టూడియోను నెలకొల్పి ‘సంపూర్ణ రామాయణము’ను నిర్మించిరి. ఆ కాలమున ధ్వని ఫిల్ము అంచున సన్నని వెలుగునీడల రేఖగ ముద్రింపబడెడిది. రేఖ యొక్కటియే గనుక నటుడు తెఱకు కుడి వైపున నున్నను ఎడమ వైపున నున్నను వాని మాట నడుమనుండియే వినవచ్చెడిది.

1931 లోనే ఆలన్ బ్లమ్లైన్ అను ఆంగ్ల ఇంజనీయరు రెండు మార్గముల ధ్వనికి, అనగా స్టీరియోకు, పేటెంటు కోరెను. తరువాత చిత్రశాలలలో మార్గములు హెచ్చినవి. 5.1 అను పద్ధతిలో ముందు మూడును, ప్రక్కల రెండును, మిక్కిలి మంద్రమైన ధ్వనులకు వేఱొకటియు నుండును. 2012 లో ప్రవేశించిన డాల్బీ ఆట్మాస్ పద్ధతిలో తలపైనుండి గూడ ధ్వని వచ్చును. 5.1.2 అని వ్రాసినపుడు చివరి 2 పైకప్పు స్పీకరుల సంఖ్య. 2015 నాటి ‘బాహుబలి’ వంటి తెలుగు చిత్రములును ఈ పద్ధతిని కూర్పబడినవి. ఆ చిత్రమునకు సంగీతము సమకూర్చిన ఎమ్. ఎమ్. కీరవాణిగారు మన కొవ్వూరున జన్మించినవారు.

ఈ చరిత్ర వలన మన కొక యుపదేశము కలదు. కొనుటకు ముందు మనము వినునదేదో తెలిసికొనవలయును. ఒక్క మార్గమున ముద్రింపబడిన పాతకాలపు పాటలను వినువారికి పదునొకండు స్పీకరులు తెచ్చినను అందు లేని మార్గములు పుట్టవు. వారికి మేలైన రెండు స్పీకరులే చాలును. క్రొత్త చిత్రములను తఱచు చూచువారికే పెక్కు మార్గముల వలన బ్రయోజనము.

అంకెలలో ధ్వని

నేడు ధ్వని నంకెలుగ మార్చి దాచుచున్నారు. సెకనునకు వేలకొలది మాఱులు ధ్వనిని కొలిచి, ఆ కొలతలను వరుసగ వ్రాసికొందురు. 1982 లో విపణికి వచ్చిన సీ.డీ. యందు సెకనునకు 44,100 కొలతలు. ఒక్కొక్క కొలత 16 బిట్ల యంకె. మానవుని చెవి సెకనునకు 20 మొదలు 20,000 కంపనములవఱకు వినగలదు. ఒక కంపనమును బట్టుటకు కనీసము రెండు కొలతలు వలయును గనుక 44,100 అను సంఖ్య యేర్పడినది.

ఒక్కొక్క బిట్టు వలన మెల్లని ధ్వనికిని గట్టి ధ్వనికిని గల దూరము సుమారు 6 డెసిబెలులు పెరుగును. కావున 16 బిట్లకు 96, 24 బిట్లకు 144 డెసిబెలులు. హై డెఫినిషన్ ధ్వని యని ప్రకటించువారు ఈ పెద్ద సంఖ్యలనే చూపుదురు. కాని ఫ్యాను తిరుగు గదిలో మెల్లని ధ్వనులు ఫ్యాను హోరులోనే మునిగిపోవును గదా! అట్టి గదిలో 96 డెసిబెలులనే పూర్తిగ ననుభవింపజాలము.

మఱి హై డెఫినిషన్ వలన నిజమైన లాభమేది? ధ్వని నష్టపడకుండ వచ్చుటయే. ధ్వనిని ఇముడ్చుటలో రెండు పద్ధతులు కలవు. మొదటిది పంచెను మడిచి పెట్టెలో పెట్టుట వంటిది. విప్పినపుడు అంచుతో సహా పంచె యంతయు నుండును. రెండవది పెట్టె చిన్నదని అంచు కత్తిరించి పెట్టుట వంటిది. బ్లూ-రే పళ్లెములలోని డాల్బీ ట్రూహెచ్.డి., డి.టి.ఎస్.-హెచ్.డి. మాస్టర్ ఆడియో అనునవి మొదటి జాతివి. ఇంటర్నెటు మార్గమున వచ్చు చిత్రములలోని ధ్వని సామాన్యముగ రెండవ జాతిది. అయితే కత్తిరించువాడు నేర్పరియైనచో చెవికి లోపము సులభముగ దోచదు. కావున ఇంటర్నెటు చిత్రములనే చూచు కుటుంబము దీని కొఱకు విచారపడనక్కఱలేదు.

ఇరుకు తూము లెచ్చట?

పళ్లెము మంచిది, స్పీకరులు మంచివి. ఐనను నడుమ తీగ తగనిదైనచో ధ్వని యచటనే తరుగును. టెలివిజనునుండి ధ్వనిని వెలికి దెచ్చుటకు మూడు మార్గములు వాడుకలో నున్నవి. బ్లూటూతు మార్గమున ధ్వని మరల కత్తిరింపబడును. ఆప్టికల్ తీగ సామాన్యమైన 5.1 ను మోయును గాని నష్టములేని పెక్కు మార్గముల ధ్వనిని మోయజాలదు. హెచ్.డి.ఎం.ఐ. తీగలోను రెండు తరగతులున్నవి: ఏ.ఆర్.సి. యనునది పెక్కు మార్గముల ధ్వనిని కుదించిన రూపమున మాత్రమే తెచ్చును, ఈ.ఏ.ఆర్.సి. యనునది నష్టములేని ధ్వనిని గూడ దెచ్చును. టెలివిజనునకును ధ్వనియంత్రమునకును ఈ రెండవ గుర్తున్నదో లేదో చూచి మఱి కొనవలయును. ఒకదానికుండి రెండవదానికి లేకున్న ఫలము లేదు.

స్పీకరు తీగల విషయమున భయమక్కఱలేదు. ఇంటి విద్యుత్తునకు వాడు 1.5 చదరపు మిల్లీమీటరుల రాగితీగ 5 మీటరుల దూరమునకు పోయి వచ్చునపుడు దాని నిరోధము ఓములో ఎనిమిదవ వంతైన నుండదు. స్పీకరు నిరోధము సామాన్యముగ 8 ఓములు. కావున వేలకొలది రూపాయల తీగలవలన చెవికి దెలియు లాభము లేదు.

వాట్ల లెక్క

పెట్టెపై పి.ఎం.పి.ఓ. అని వేలకొలది వాట్లు ముద్రించుట మన సంతలలో చిరకాలమునుండి యున్నది. భౌతికశాస్త్రము చదివిన విద్యార్థి దీనిని నిమిషములో పరీక్షింపగలడు. యంత్రము వెనుక చిన్న యక్షరములలో అది గోడనుండి యెన్ని వాట్ల విద్యుత్తు గైకొనునో వ్రాసియుండును. అరువది వాట్లు గైకొను యంత్రము వేయి వాట్లు ఎడతెగక యిచ్చుట శక్తినిత్యత్వ సూత్రమునకు విరుద్ధము. కావున ఆర్.ఎం.ఎస్. అని వ్రాసిన సంఖ్యనే లెక్కింపవలయును. అదియు గోడనుండి గైకొను శక్తితో సరిచూడవలయును.

అసలు మనకెన్ని వాట్లు వలయును? సామాన్యమైన స్పీకరుకు 1 వాటు శక్తి నిచ్చిన 1 మీటరు దూరమున సుమారు 87 డెసిబెలుల ధ్వని వచ్చును. మూడు మీటరుల దూరమున గూర్చున్నవానికి అది ఇంచుమించు 78. మనుష్యుల సంభాషణ 60 డెసిబెలులే. అనగా మాట వినుటకు వాటులో ఏబదవ వంతు చాలును! చిత్రములో పిడుగు పడినపుడు క్షణకాలము 95 డెసిబెలులు వలెనన్నను 50, 60 వాట్లకు మించదు. శక్తిని రెట్టింపు చేసినను హెచ్చునది 3 డెసిబెలులే. చెవికి ధ్వని రెండింతలుగ దోచుటకు పదిరెట్ల శక్తి కావలయును. కావున 50 వాట్ల యంత్రమునకు బదులు 100 వాట్ల యంత్రము కొన్నవానికి పెరుగునది మిక్కిలి స్వల్పము.

స్పీకరులు, వాని స్థానములు

సొమ్ములో పెద్దభాగము స్పీకరులకే, అందును ముందువైపు మూడింటికే, వెచ్చించుట మేలు. ఏలయన నడిమి స్పీకరునుండియే చిత్రములలోని సంభాషణ మిక్కిలిగ వచ్చును. “మాట తెలియుట లేదు” అను మొఱకు మూలము పెక్కుమాఱు లిచటనే యున్నది. కాలు, పాలు, తాలు అను మూడు మాటలను పలికి చూడుడు. వానికి గల భేదమంతయు మొదటి హల్లు పలుకు లిప్తపాటు కాలములోనే యిమిడియున్నది. ఆ సూక్ష్మధ్వనిని జాఱవిడుచు స్పీకరు పాలను తాలుగ జేయును. కావున నడిమి స్పీకరును బీరువా లోపల దాచక, తెఱకు దిగువనో పైననో, వినువారి ముఖమువైపు త్రిప్పి పెట్టవలయును.

కుడి యెడమల స్పీకరులకును వినువానికిని ఒకే దూరముండునట్లు, మూడును సమబాహు త్రిభుజముగ నమర్చుట సూత్రము. మూడు మీటరుల దూరమున గూర్చున్నచో వానినడుమ మూడు మీటరు లుండవలయును. ఎత్తు కూర్చున్నవాని చెవి యెత్తు. ప్రక్క స్పీకరులు వినువానికి ఇంచుక వెనుకగ నుండవలయును.

మంద్రధ్వనుల నిచ్చు సబ్ వూఫరును మూలకు నెట్టుట వాడుక. మూల యందు ధ్వని బలియును గాని పాట యెట్లున్నను ఒకే “దుమ్ము” వినవచ్చును. దీనికొక చక్కని పరీక్ష కలదు. సబ్ వూఫరును తాత్కాలికముగ మీరు కూర్చుండు చోట నుంచి మృదంగమో తబలయో గల పాటను పెట్టుడు. తరువాత గోడల వెంబడి వంగి నడచుచు వినుడు. దెబ్బదెబ్బకు స్పష్టముగ వినవచ్చు స్థలమే సబ్ వూఫరునకు దగిన తావు. ఖర్చు లేని యీ పరీక్ష పిల్లలకు మంచి వినోదము గూడ.

ఇరుకైన గదియు, కొలదిపాటి సొమ్మును గలవారు సౌండ్ బారుతో దృప్తి చెందవచ్చును. చవకరకపు ఆఱు స్పీకరులకంటె మంచి సౌండ్ బారు ఒకటి మేలు. కాని గోడలకు ధ్వనిని గొట్టి వెనుకనుండి వచ్చినట్లు భ్రమింపజేయు రకములు వరండావైపు తెఱచియున్న గదులలో నంతగ పని చేయవు.

గదియే అసలు యంత్రము

1895 లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున క్రొత్తగ గట్టిన యొక యుపన్యాసశాలలో మాట లొకదానిపై నొకటి పడి యేమియు దెలియకుండెను. పలికిన ధ్వని ఐదు సెకనులకు పైగ నచటనే తిరుగుచుండెను. వాలెస్ సాబైన్ అను యువ అధ్యాపకుడు వేఱొక శాలలోని దిండ్లను రాత్రులందు మోయించి తెచ్చి, ఆర్గను గొట్టమును మ్రోగించి, గడియారముతో ధ్వని యణగు కాలమును గొలిచెను. దిండ్లు పెరిగినకొలది మ్రోత తగ్గెను. ఆయన కనుగొన్న సూత్రమిది: గది ఘనపరిమాణమును 0.161 చే గుణించి, గదిలోని వస్తువులు ధ్వనిని పీల్చు వైశాల్యముచే భాగించిన మ్రోత కాలము వచ్చును.

మన యింటికే లెక్క కట్టుదము. 5 మీటరుల పొడవు, 4 మీటరుల వెడల్పు, 3 మీటరుల యెత్తు గల హాలు ఘనపరిమాణము 60. గోడలు, నేల, కప్పు కలిసి 94 చదరపు మీటరులు. సిమెంటు పూతయు, నున్నని టైల్సును తమపై బడిన ధ్వనిలో నూటికి సుమారు మూడు పాళ్లే పీల్చును, అనగా 2.8 చదరపు మీటరులు. మ్రోత కాలము 3.4 సెకనులు! ఆ లోపల నటుడు పది, పదునైదు అక్షరములు పలుకును, అన్నియు గలగలసిపోవును. ఇపుడు కిటికీలకు దళసరి తెఱలు, నేలపై రెండు మడతల జంపఖానా, ప్రక్కన పరుపు గల మంచము, నిండు పుస్తకముల బీరువా, నలుగురు మనుష్యులు చేరినారనుడు. పీల్చు వైశాల్యము ఇంచుమించు 16 చదరపు మీటరులకు బెరుగును. మ్రోత కాలము 0.6 సెకనులకు దిగును. స్పీకరు మాఱలేదు, మాట తేటపడినది.

ఈ మార్పునకు దుకాణమునకు బోనక్కఱలేదు. గది నడుమ నిలిచి యొక్క చప్పటు చరచుడు. గణగణమని మ్రోత వెంబడించెనా, సొమ్ము ముందు తెఱలకు వెచ్చింపుడు. పూర్వపు మండువా లోగిళ్లలో నడుమ నాకసము కనబడుచుండుటచే మ్రోత పైకి బోయెడిది. నేటి స్లాబు యిండ్లలో దానికి దారి లేదు.

మన వాతావరణము

యంత్రముల నెన్నుకొనునపుడు మన దేశకాలములను మఱవరాదు. కాకినాడ, అంతర్వేది, నరసాపురము ప్రాంతములలో ఉప్పుగాలి తీగల కొనలను చిలుము పట్టించును. వానిని ఏటేట విప్పి తుడువవలయును. వానకాలపు చెమ్మకు కాగితపు శంకువులు గల చవకరకపు స్పీకరులు మెత్తబడును. ఆంప్లిఫయరు వేడికి చీమలును బల్లులును చేరును; దానిచుట్టు గాలి యాడునట్లు జానెడు చోటు విడువవలయును. లంక గ్రామములవారు యంత్రములను నేలపై నుంచక ఎత్తుగ గోడకు బిగించుట మేలు.

ఉఱుము వినబడినతోడనే మీట నొక్కుట చాలదు; ప్లగ్గును, డిష్ తీగను గూడ నూడదీయవలయును. మూడు కాళ్ల ప్లగ్గులోని పెద్దకాలు నిజముగ భూమితో గలిసియున్నదో లేదో తెలిసిన పనివానిచే బరీక్షింపజేయుడు. ఎర్తు సరిగ లేని యింట స్పీకరునుండి సదా “గుం” అను హోరు వినవచ్చును; అది యంత్రపు లోపమని తలచి కొన్నదానిని మార్చినను ఫలముండదు. ప్రాణాపాయమును దీనివలన గలదు.

చెవియు పొరుగును

ధ్వని 85 డెసిబెలులున్నచో దినమునకు 8 గంటలకు మించి వినరాదని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. అచటనుండి 3 డెసిబెలులు హెచ్చినపుడెల్ల ఆ కాలము సగమగును. 100 డెసిబెలులకు పావుగంటయే హద్దు. చెవిలోని సూక్ష్మకేశములు నశించినచో మరల మొలవవు. ఇంటి చిన్నవారు దీనిని మఱవరాదు.

పొరుగువారిని గూర్చి యొకమాట. 20 కంపనముల మంద్రధ్వని తరంగము పొడవు 17 మీటరులు. 20,000 కంపనములదాని పొడవు 17 మిల్లీమీటరులే. చిన్న తరంగమును తెఱ యాపును; పెద్ద తరంగము గోడను దాటిపోవును. కావుననే పొరుగింటికి పాట వినబడక దుమ్ముదుమ్మను దెబ్బలే వినబడును. భారత ప్రభుత్వమువారి 2000 వ సంవత్సరపు శబ్దకాలుష్య నిబంధనల ననుసరించి నివాసస్థలములలో పగటికి 55, రాత్రికి 45 డెసిబెలులు హద్దు. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవఱకు రాత్రిగ నెంచుదురు. పరీక్షలకు చదువుకొను బాలుడు గోడ కావల నుండవచ్చును.

కొనుటలో వరుస

ఇంతవఱకు జెప్పినదాని సారమిది. మొదట మనము వినునదేదో నిశ్చయించుకొనవలయును. రెండవది, గదిలోని మ్రోత నణపవలయును. మూడవది, ముందువైపు స్పీకరులను, ముఖ్యముగ నడిమిదానిని, మంచివి కొనవలయును. నాలుగవది, వానికి దగిన శక్తిగల రిసీవరును, ఈ.ఏ.ఆర్.సి. మార్గమును జూచుకొనవలయును. సబ్ వూఫరును, ప్రక్క స్పీకరులును, పైకప్పు స్పీకరులును తరువాతి యేండ్లలో నొక్కొక్కటిగ జేర్చుకొనవచ్చును. రిసీవరునకు ఆ మార్గములు ముందే యున్న జాలును.

దుకాణమునకు బోవునపుడు మీకు చిరపరిచితమైన పాట నొకటి తీసికొనిపొండు. దుకాణదారు పేలుళ్ల దృశ్యమును చూపిన మర్యాదగ నాపించి, వార్తలు చదువు కంఠమును మెల్లగ వినిపింపుమని యడుగుడు. పెద్దగ మ్రోగించిన ప్రతి స్పీకరును గొప్పగనే తోచును. మెల్లగ మ్రోగించినపుడు గదా మంచి చెడ్డలు తెలియును.

అన్నిటికంటె ముఖ్యముగ, ఇంటిలోని వృద్ధులను వెంట దీసికొనిపొండు. వయసు పైబడినకొలది చెవి తీక్ష్ణమైన ధ్వనులను మొదట గోల్పోవును. ‘స’కారము, ‘త’కారము వారికి ముందు మాయమగును. పడుచువారు మెచ్చిన యంత్రము వారికి గొణుగుడే కావచ్చును. మూలకుర్చీలో గూర్చున్న నాయనమ్మ “ఏమనెనురా?” యని యడుగక కథను తానే గ్రహించినచో ఆ యింటి ధ్వనియంత్రము మంచిది. చివర మడి తడిసినపుడే కాలువ సరిగ బాఱినదని మన రైతులందురు గదా. ధ్వని కాలువకు చివర మడి ఆమె చెవియే.